బధిరులతో కలిసి అలాస్కా క్రూజ్: ఇంటర్‌ప్రెటర్లు ఎవరిస్తారు, మనమేం చూసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: మీ మరిది, తోడికోడలు ఇద్దరూ బధిరులు. వాళ్ల స్నేహితులతో కలిపి ఎనిమిది మంది, మీ ఇంటివాళ్లు ఇంకో ఏడుగురు కలిసి వచ్చే జూన్‌లో సియాటిల్ నుంచి అలాస్కా వెళ్దామనుకుంటున్నారు. మాటల్ని సైగల భాషలోకి, సైగల్ని మాటల్లోకి మార్చి చెప్పే ఇంటర్‌ప్రెటర్‌ని ఓడవాళ్లే ఇస్తారా, మనమే వెంట తీసుకెళ్లాలా, ఇంకేం సిద్ధం చేసుకోవాలి అని.

మేము రెండేళ్ల కిందట సరిగ్గా ఇలాగే వెళ్లొచ్చాం. మా అన్నయ్య డెఫ్. అమెరికాలో రోచెస్టర్‌లోని ఆర్ఐటీ అనే యూనివర్సిటీలో చదివాడు. అప్పటి స్నేహితులు పది మంది, కొందరి భార్యాపిల్లలు, గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్న, బాబాయి, నేను, మావారు, అంతా కలిపి ఇరవై నాలుగు మందిమి. కాబట్టి చేసిన తప్పులతో సహా చెప్తాను.

ముందు సూటిగా జవాబు. అమెరికా రేవు నుంచి బయల్దేరే పెద్ద క్రూజ్ కంపెనీల ఓడల్లో అమెరికన్ సైన్ లాంగ్వేజ్, అంటే ఏఎస్ఎల్, ఇంటర్‌ప్రెటర్లను కంపెనీయే ఏర్పాటు చేస్తుంది. దానికి మీరు విడిగా డబ్బు కట్టక్కర్లేదు. ఇది వాళ్ల దయ అనుకోకండి. వికలాంగుల హక్కుల కోసం 1990లో వచ్చిన ఏడీఏ చట్టం అమెరికా జలాల్లో తిరిగే విదేశీ జెండా ఓడలకూ, అంటే వేరే దేశంలో రిజిస్టర్ అయినవాటికీ, వర్తిస్తుందని 2005లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అందుకని అడగడానికి మొహమాటపడకండి. అయితే అడగాలి, అదీ ముందుగా. కనీసం 60 రోజుల ముందు చెప్పమనే కంపెనీలు ఉన్నాయి. మీరు మాత్రం టికెట్ బుక్ చేసిన రోజే అడగండి. జూన్ నెలలో ఇంటర్‌ప్రెటర్లకూ డిమాండ్ ఉంటుంది, వారం రోజులు ఇల్లు వదిలి రాగలిగేవాళ్లు దొరకాలి కదా. ఫోన్‌లో "ఓకే మేడమ్, నోట్ చేశాం" అన్నది లెక్కలోకి రాదు. ఈమెయిల్‌లో రాతపూర్వకంగా రావాలి. ఎంతమంది డెఫ్, అందరికీ ఏఎస్ఎల్ వచ్చా, ఎవరికైనా చూపు కూడా తక్కువగా ఉందా, ఇవన్నీ అందులో రాయండి. సింగపూర్ నుంచో ముంబై నుంచో ఎక్కే క్రూజ్‌కి ఈ లెక్క వర్తించదు. అక్కడ ముందు కంపెనీని అడిగి, జవాబు చూసుకున్నాకే డబ్బు కట్టండి.

మాకు ఇద్దరు ఇంటర్‌ప్రెటర్లు వచ్చారు. ఎప్పుడూ ఇద్దరేమిటి, ఒకళ్లు చాలరా అని బాబాయి అడిగాడు. చాలరు. ఒకపక్క వింటూ, ఇంకోపక్క దాన్ని సైగల్లోకి మారుస్తూ ఉంటే బుర్ర చేతులకంటే ముందే అలిసిపోతుంది. ఇరవై నిమిషాలకోసారి ఒకరు దిగి ఒకరు ఎక్కుతారు. మేము చేసిన మొదటి తప్పు ఇక్కడే. ఇద్దరూ మంచివాళ్లు, కలుపుగోలు మనుషులు. మనవాళ్లలో కలిసిపోయారు కదా అని మొదటిరోజు రాత్రి భోజనం దగ్గర్నుంచి రెండోరోజు పొద్దున టిఫిన్ దాకా వాళ్లని వదల్లేదు. మధ్యాహ్నానికి వాళ్లలో పెద్దావిడ నవ్వుతూనే ఒక టైమ్‌టేబుల్ తెచ్చి టేబుల్ మీద పెట్టింది. ఏ షోకి ఉంటారు, ఏ ఉపన్యాసానికి ఉంటారు, ఎప్పుడు విశ్రాంతి అని. ఓడలో మాతో సంబంధం లేని డెఫ్ జంట ఇంకొకటి ఉందని, వాళ్లకీ ఈ ఇద్దరే అని అప్పుడు తెలిసింది. మాకు సిగ్గేసింది. మీరు మొదటిరోజే ఇంటర్‌ప్రెటర్లతో కూర్చుని వారం మొత్తం ప్రోగ్రామ్‌లో ఏవి ముఖ్యమో టిక్ పెట్టుకోండి. మాదాంట్లో స్టాండప్ కామెడీ, పార్క్ రేంజర్ ఉపన్యాసం, వంట డెమో అన్నారు. బింగో ఎవరూ అడగలేదు, దానికి తెరమీద అంకెలు చాలు.

ఇంటర్‌ప్రెటర్ లేని గంటల కోసం అందరం కలిసి ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నాం. మాటని అక్షరాల్లోకి మార్చే యాప్‌లు ఫోన్లలో ఉంటాయి కానీ, రెస్టారెంట్ గోలలో, మన యాసల ఇంగ్లీషుకి అవి రాసేది చూస్తే నవ్వొస్తుంది. పలకల్లాంటి చిన్న వైట్‌బోర్డులు రెండు కొనుక్కెళ్లాం, డాలర్ షాపులో. వాటంత ఉపయోగపడింది ఇంకోటి లేదు.

మీ ఇంటి పెద్దవాళ్లకి ఒక మాట ముందే చెప్పండి. ఇంటర్‌ప్రెటర్ అంటే మనవాడి తరఫు మనిషి కాదు, మనం అన్నది అన్నట్టే చేరవేసే మనిషి. మొదటిరాత్రి మా బాబాయి అన్నయ్యని పక్కనే పెట్టుకుని ఇంటర్‌ప్రెటర్ మొహం చూస్తూ, "వీడు ఏం తింటాడో కనుక్కోండి" అని ఇంగ్లీషులో అడిగాడు. ఆవిడ ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా అన్నయ్యకి సైన్ చేసింది. "వీడు ఏం తింటాడో కనుక్కోండి." అన్నయ్య బాబాయి వైపు తిరిగి, రెండు కళ్లకీ వేలు చూపించి, తన మొహం వైపు చూపించాడు: నన్ను చూసి అడుగు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, సొంతిల్లు కట్టుకున్నవాడు. బాబాయి పాపం మంచివాడే, అలవాటు అలాంటిది. ఆ తర్వాత ఎప్పుడూ అలా అడగలేదు.

ఇంకో చిక్కు మనబోటి తెలుగువాళ్లకే ఉంటుంది. అన్నయ్యది ఏఎస్ఎల్, ఇంటర్‌ప్రెటర్‌ది ఇంగ్లీషు, అమ్మది తెలుగు. అన్నయ్య స్నేహితుడు ఒక జోక్ చేస్తే డెఫ్‌వాళ్లు ముందు నవ్వేవాళ్లు, ఇంటర్‌ప్రెటర్ చెప్పాక మేము నవ్వేవాళ్లం, నేను తెలుగులో చెప్పాక అమ్మ నవ్వేది. అప్పటికి మిగతావాళ్లు ఇంకో జోక్‌లో ఉండేవాళ్లు. చిన్నప్పుడు అన్నయ్యకీ అమ్మకీ మధ్య ఇంట్లో పుట్టిన సైగలున్నాయి, తిన్నావా, నాన్న వచ్చారా, జ్వరమా లాంటివి. వాటితో జోకులు నడవవు. మీ అత్తగారూ మామగారూ వస్తుంటే వాళ్ల పక్కన ఇంగ్లీషూ తెలుగూ వచ్చినవాళ్లని వంతులవారీగా కూర్చోబెట్టండి. ఆ పని ఒక్కరి నెత్తినే పడితే ఆ మనిషికి సెలవు దక్కదు. ఆ మనిషిని నేనే.

భోజనాల బల్ల గురించి ఎవరూ చెప్పరు, అందుకే నేను చెప్తున్నా. గుండ్రటి బల్ల అడగండి. పొడవాటి బల్ల ఇస్తే ఆ చివర కూర్చున్నవాడికి ఈ చివర చేతులు కనపడవు, రెండు గుంపులుగా చీలిపోతారు. మధ్యలో పెట్టే పూలగుత్తి తీయించండి. కిటికీకి వీపు పెట్టి ఎవరినీ కూర్చోనివ్వకండి, వెనక వెలుతురుంటే మనిషి నల్లటి నీడలా కనిపిస్తాడు, పెదవులూ వేళ్లూ తెలియవు. అలాస్కాలో జూన్‌లో రాత్రి తొమ్మిదింటికి కూడా ఎండ ఉంటుంది కాబట్టి డిన్నర్‌కి ఇది మరీ పెద్ద సమస్య. మా బల్లని మూడోరోజుకి గానీ మార్చలేదు. మార్చాక మాత్రం మా వెయిటర్ రోజుకో సైన్ నేర్చుకున్నాడు, నీళ్లు, థాంక్స్, కాఫీ. కాఫీకి ఏఎస్ఎల్‌లో ఒక పిడికిలి మీద ఇంకో పిడికిలి పెట్టి తిరగలి తిప్పినట్టు తిప్పుతారు. అమ్మ జీవితంలో నేర్చుకున్న మొదటి ఏఎస్ఎల్ సైన్ అదే. "ఇది తిరగలే కదే!" అంది. ఆ వారమంతా కాఫీలు ఆర్డర్ చేసింది అమ్మే.

ఇక భద్రత. ఇక్కడ సరదా లేదు. డెఫ్‌వాళ్లుండే ప్రతి గదికీ ఒక కిట్ ఇస్తారు. తలుపు కొడితే లైటు వెలుగుతుంది, దిండు కింద పెట్టుకునే అలారం అదిరి నిద్ర లేపుతుంది, పొగ వస్తే మెరిసే దీపం ఉంటుంది. బుకింగ్ అప్పుడే ఇది కూడా అడిగి, ఎక్కిన గంటలోపు గదిలో ఉందో లేదో చూడండి. ఉంటే పనిచేస్తోందో లేదో చూడండి. మా గుంపులో రెండు గదులకి కిట్ మర్నాటి సాయంత్రం దాకా రాలేదు. ఫారం పంపాం, ఈమెయిల్ చూపించాం, "స్టోర్ నుంచి వస్తోంది" అన్నారు. ఆ రాత్రి ఆ రెండు గదుల అదనపు తాళం కార్డులు పక్క గదుల్లో వినపడేవాళ్లకి ఇచ్చి, ఏదైనా అయితే తలుపు తీసుకుని లోపలికెళ్లి భుజం తట్టాలని ఒప్పందం చేసుకున్నాం. నాకు ఆ రాత్రి నిద్ర లేదు. ఇలాంటప్పుడు గెస్ట్ సర్వీసెస్ కౌంటర్ దగ్గర ఆగిపోకండి, ఓడలో గదులూ భోజనాలూ చూసే హోటల్ మేనేజర్‌ని అడగండి. కిట్ వచ్చినా సరే, ఈ జతల పద్ధతి వారమంతా ఉంచండి.

ఎమర్జెన్సీ సిగ్నల్ ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. వాళ్లకి అది వినపడదు. ఇప్పుడు చాలా ఓడల్లో భద్రతా వీడియో ఫోన్‌లోనో టీవీలోనో చూసి, తర్వాత మస్టర్ స్టేషన్‌కి, అంటే ఆపద వస్తే మనం చేరాల్సిన చోటుకి, వెళ్లి హాజరు వేయించుకుంటే సరిపోతుంది. వీడియోకి క్యాప్షన్లు ఆన్ చేసి చూడండి. స్టేషన్‌కి మాత్రం ఇంటర్‌ప్రెటర్ ఉన్నప్పుడే అందరూ ఒకేసారి వెళ్లండి. అక్కడి సిబ్బందికి మీవాళ్ల మొహాలు తెలియాలి, ఏ గదుల్లో ఉన్నారో తెలియాలి.

ఒడ్డున ఎక్స్‌కర్షన్లు వేరే సంగతి. వాటిని నడిపేది ఊరి కంపెనీలు. ఓడలోని ఇంటర్‌ప్రెటర్లు అన్నిటికీ రారు, ఒకే రోజు నాలుగు చోట్లకి ఇద్దరు ఎలా వెళ్తారు? కాబట్టి డెఫ్‌వాళ్లంతా ఒకే ట్రిప్ ఎంచుకుని, ముందే చెప్పండి. మేము ఓడ ఆగిన స్కాగ్వే ఊళ్లో వైట్ పాస్ అనే కొండదారి రైలెక్కాం. 1898లో బంగారం వేటలో జనం ఎగబడ్డప్పుడు మొదలుపెట్టి 1900కి పూర్తిచేసిన లైను అది. ఇరవై మైళ్లలో దాదాపు మూడు వేల అడుగులు ఎక్కుతుంది. అందరికీ ఒకే బోగీ అడిగి తీసుకున్నాం. ఇంటర్‌ప్రెటర్ బోగీ ముందు మావైపు తిరిగి, ఊగుతూ నిలబడింది. కానీ ఆవిడని చూస్తే లోయ కనపడదు, లోయ చూస్తే కథ పోతుంది. వినేవాళ్లకి ఈ కష్టం తట్టదు, చెవులు ఒకవైపు కళ్లు ఒకవైపు పెట్టగలం. తిరుగు ప్రయాణానికి ఒక ఉపాయం చేశాం. అసలు విషయాలు బయల్దేరే ముందే చెప్పించుకుని, దారంతా ఆవిడని కూర్చోబెట్టేశాం.

జూనోలో తిమింగలాల పడవ దగ్గరా అంతే. గైడ్ మైకులో "మూడు గంటల వైపు!" అని అరుస్తుంది, అంటే కుడిపక్క అని. అది సైన్ అయ్యేలోపు తోక నీళ్లలోకి పోయింది. రెండోసారికి ఇంటర్‌ప్రెటరే గైడ్‌కి చెప్పింది, ముందు చెయ్యి చాపి చూపించు, తర్వాత మాట్లాడు అని. ఆ తర్వాత ఎవరూ ఏదీ మిస్ కాలేదు.

హిమానీనదాలుండే నేషనల్ పార్క్ గ్లేసియర్ బే వెళ్లే ఓడ దొరికితే అదే తీసుకోండి. పార్క్ రేంజర్లు ఓడలోకే వచ్చి మైకులో చెప్తారు. మార్జరీ హిమానీనదం ముందు ఓడ ఆగినప్పుడు మేమంతా డెక్ మీద ఉన్నాం. మైలు వెడల్పు మంచు గోడ. అందులోంచి ముక్కలు విరిగి నీళ్లలో పడతాయి. ఢాం అని వినపడగానే మావారు తిరిగి ఫోన్ ఎత్తేవారు, అప్పటికి నీళ్లు లేస్తూ ఉండేవి. పావు మైలు దూరంలో ఉన్నా శబ్దం మన దాకా రావడానికి సెకనుకి పైనే పడుతుంది. అన్నయ్యా స్నేహితులూ రెయిలింగ్ దగ్గర వరసగా నిలబడి, గోడ మీంచి కన్ను తీయకుండా చూస్తున్నారు. మంచులో సన్నటి పొడి రాలడం చూసి, ఇక్కడ పడబోతోందని ఒకడు ముందే వేలు చూపించేవాడు. చివరికి మావారు మైకు వినడం మానేసి వాళ్ల వేళ్లని చూడటం మొదలుపెట్టారు. ఇంట్లో ఉన్న మంచి వీడియో ఆ తర్వాత తీసిందే.

చిన్న చిన్నవి. హియరింగ్ ఎయిడ్స్, కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లు బ్యాటరీలూ తేమ పీల్చే డబ్బా రెట్టింపు తెచ్చుకోవాలి, కెచికన్‌లో వాన తప్పదు. వీడియో కాల్ ద్వారా సైన్‌లో ఫోన్లు మాట్లాడేవాళ్లు ఓడ వైఫైని నమ్ముకోకూడదు, కొండల మధ్య అది వస్తూ పోతూ ఉంటుంది.

వీసా మర్చిపోకండి. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఓడ సియాటిల్‌లో ఎక్కించుకుని మళ్లీ అక్కడే దింపాలంటే మధ్యలో పరదేశపు రేవు ఒకటి తాకాలి. అందుకే ఈ ఓడలు కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి. ఇండియా పాస్‌పోర్ట్ మీద విజిటర్ వీసాతో వచ్చిన మీ అత్తమామలకి, హెచ్-1బి వాళ్లకి కెనడా వీసా కావాలి. మా అమ్మానాన్నలకి అది చేతికొచ్చేసరికి ప్రయాణం తొమ్మిది రోజులే ఉంది.

చివరగా, మీ మరిదిగారి స్నేహితుల్లో ఇండియా నుంచి వచ్చేవాళ్లున్నారా? మాతో హైదరాబాద్ అబ్బాయి ఒకడు వచ్చాడు. ఇండియన్ సైన్ లాంగ్వేజ్ తప్ప తెలియదు. రెండూ వేర్వేరు భాషలు. అక్షరాలు కూడా ఏఎస్ఎల్‌లో ఒక చేత్తో, మనవాళ్లవి రెండు చేతులతో. ఇంటర్‌ప్రెటర్ ఏఎస్ఎల్‌లో చెప్తే, అన్నయ్య దాన్ని అతనికి మన సైన్‌లో చెప్పాల్సి వచ్చేది, షోలన్నీ సగం సగమే చూశాడు పాపం. ముందే రాసి ఉంటే బధిరులే అయిన డెఫ్ ఇంటర్‌ప్రెటర్ ఒకరిని అడిగేవాళ్లం. మీ ఫారంలో దానికి విడిగా గడి లేకపోతే కింద ఖాళీలో రాసి పంపండి.