కట్టు విప్పాక నొప్పి తగ్గేదాకా ఆగకండి

ప్రశ్న: నా వయసు 56. షుగర్, బీపీ ఉన్నాయి. బాత్‌రూమ్‌లో జారిపడి కుడిచేయి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు సిమెంటు కట్టు వేశారు. అది విప్పి నెల దాటింది. ఎముక అతుక్కుందని ఎక్స్‌రే చూసి చెప్పారు. కానీ వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు, వాపు ఉంది. ఇప్పుడు భుజం కూడా పట్టేసి జడ వేసుకోలేకపోతున్నాను. డాక్టరు ఫిజియోథెరపీ రాశారు గానీ, నొప్పి తగ్గాక వెళ్దామని ఆగాను. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు తెచ్చుకుని వాడుతున్నాను. ఏ నూనెతో మర్దనా చేస్తే త్వరగా తగ్గుతుంది?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నూనె సంగతి తర్వాత చెబుతానమ్మా. మీరు రాసిందాంట్లో నాకు కంగారు పుట్టించినవి వేరే రెండున్నాయి. నొప్పి తగ్గాక వెళ్దామని నెల రోజులు ఆగడం ఒకటి, ఆ నెలంతా షాపులో కొన్న మాత్రలు మింగడం రెండోది.

ముందు మాత్రలు. పేరు రాయలేదు గానీ, ఇలా అడిగితే ఇచ్చేవి ఎక్కువగా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ రకాలే. షుగర్, బీపీ ఉన్నవాళ్లు వీటిని రోజుల తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతినొచ్చు, బీపీ పెరగొచ్చు, కడుపులో పుండ్లు పడొచ్చు. బీపీకి టెల్మిసార్టాన్ లాంటి మందో, నీరు పోయే మాత్రో వాడుతుంటే ముప్పు ఇంకా ఎక్కువ. ఈ రకం మాత్రలైతే ఈరోజే ఆపి, మీకు షుగర్ చూసే డాక్టరుతో మాట్లాడండి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష ఒకసారి చేయించుకోండి. నొప్పికి మీకు ఏ మందు, ఎంత మోతాదు సరిపోతుందో వాళ్లే చెప్పాలి. నేను ఇక్కడినుంచి రాయడం సరికాదు.

ఇక చేయి. ఎముక అతుక్కోవడం వేరు, చేయి పనిచేయడం వేరు. ఆరు వారాలు కదలకుండా ఉన్న చేతిలో కండ కరుగుతుంది, కీలు చుట్టూ ఉండే పొర బిగుసుకుంటుంది, వేళ్లను లాగే నరాల్లాంటి తాళ్లు (మేం టెండాన్లు అంటాం) చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుపోతాయి. వాపు ఉంటే ఈ బిగుతు ఇంకా త్వరగా వస్తుంది. మీకిప్పుడు ఉన్న నొప్పిలో చాలా భాగం ఆ బిగుతు వల్లే అయి ఉండొచ్చు. అంటే కదిలిస్తే తగ్గాల్సిన నొప్పి తగ్గాక కదిలిద్దామని మీరు ఎదురు చూస్తున్నారు. ఇలాగే నాలుగు నెలలు ఆగి వచ్చిన ఒకావిడ నా ముందు కూర్చుని వేళ్లు ముడిచి చూపించింది. వేలికొసలకూ అరచేతికీ మధ్య నిమ్మకాయంత ఖాళీ. పప్పన్నం కలుపుకుని ముద్ద చేసుకోలేక చెంచాతో తింటున్నానని కళ్లనీళ్లు పెట్టుకుంది. చాలావరకు కోలుకుంది గానీ, దానికి పట్టిన సమయం మూడింతలు. మీరు అంత ఆలస్యం చేయలేదు, ఇక చేయకండి.

భుజం పట్టేయడానికి కారణం, చేతిని పట్టీతో మెడకు వేలాడదీసుకుని భుజాన్ని కూడా కదపకపోవడం అయి ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో భుజం ఇలా బిగుసుకోవడం మామూలు వాళ్లకంటే ఎక్కువ. ఇప్పటికీ ఆ పట్టీ వేసుకుంటుంటే ఇంకా అవసరమా అని మీ ఎముకల డాక్టరును అడగండి.

ఫిజియోథెరపీ అంటే పది నిమిషాలు కరెంట్ పెట్టించుకుని ఇంటికి రావడం కాదు. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివినవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఏ కీలు ఎంత వంగుతోందో కొలిచి రాసుకుని, వారం వారం తేడా చూసి వ్యాయామం మార్చాలి. వేళ్లను కొక్కెంలా వంచడం, పిడికిలి బిగించడం, అరచేతిని బోర్లా వెల్లకిలా తిప్పడం, గోడ మీద వేళ్లతో పైకి పాకించడం నేర్పిస్తారు. కాస్త బలం వచ్చాక చపాతీ పిండి ముద్ద పిసకమంటారు. అక్కడ చేసేది అరగంట, ఇంట్లో రోజుకు నాలుగైదుసార్లు చేసేదే అసలు వైద్యం. చేసేటప్పుడు లాగినట్టు ఉండి, గంటలో సర్దుకుంటే భయం లేదు. మర్నాటికీ నొప్పి, వాపు పెరిగే ఉంటే వ్యాయామం మోతాదు ఎక్కువైందని చెప్పండి. ఎవరైనా చేయి పట్టుకుని బలవంతంగా వంచబోతే ఒప్పుకోవద్దు.

నూనె ఏదైనా ఒకటే. పొడిబారిన చర్మానికి కొబ్బరినూనె తేలిగ్గా రాసుకోవచ్చు, గట్టిగా పిసికించుకోవద్దు. నూనె బిగుతును విప్పదు. గోరువెచ్చని నీళ్లలో చేయి పెట్టి కదిలిస్తే హాయిగా ఉంటుంది. అయితే షుగర్ వల్ల స్పర్శ తగ్గి ఉండొచ్చు, వేడి ఎంతుందో ఎడమచేత్తో చూశాకే పెట్టండి.

కొన్ని లక్షణాలుంటే మాత్రం ఫిజియో కంటే ముందు ఎముకల డాక్టరే. చేయి ఎర్రగానో నీలంగానో మారి, చర్మం నిగనిగలాడుతూ, ఊదినా ఓర్చుకోలేనంత మంట ఉంటే ఆలస్యం చేయొద్దు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతుంటే నరం నొక్కుకుపోతోందేమో చూడాలి. ఉన్నట్టుండి బొటనవేలు పైకి లేవకపోతే దాని టెండాన్ తెగి ఉండొచ్చు.

మీరు అడగనిది ఇంకొకటి. నిలబడ్డ ఎత్తునుంచి పడితేనే ఎముక విరిగిందంటే, ఎముకలో బలం తగ్గిందేమో అనుమానించాలి. నెలసరి ఆగిపోయిన వయసు కూడా కాబట్టి ఎముకల గట్టిదనాన్ని కొలిచే డెక్సా పరీక్ష గురించి అడగండి. మణికట్టు విరిగినవాళ్లలో తర్వాత తుంటి విరిగే ముప్పు ఎక్కువ, నాకు ఎక్కువ భయం దానికే. అసలు ఎందుకు పడ్డారు? నేల తడిగా ఉందా, లేవగానే కళ్లు తిరిగాయా, షుగర్ పడిపోయిందా, పాదాల్లో తిమ్మిరి ఉందా? ఫిజియో దగ్గర బ్యాలెన్స్ కూడా పరీక్షించమనండి. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవడం, వంటగట్టు దగ్గర, పక్కన మనిషి ఉండగా, ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడటం లాంటివి నేర్పిస్తారు. కాళ్లలో బలం పెరిగితే మళ్లీ పడే అవకాశం తగ్గుతుంది. బాత్‌రూమ్ గోడకు పట్టుకోవడానికి ఒక రాడ్ బిగించమని ఇంట్లోవాళ్లతో చెప్పండి.

చేతిని చూడకుండా రాసింది కాబట్టి దీన్ని పరీక్షకు బదులుగా తీసుకోకండి. వెళ్లేటప్పుడు కట్టు విప్పాక తీసిన ఎక్స్‌రే, షుగర్ రిపోర్టులు, వాడిన నొప్పి మాత్రల ఖాళీ స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్లండి. ఈ వారంలోనే వెళ్లండమ్మా.