పీడియాట్రిక్స్ పీజీలో చేరిన తమ్ముడు మానేస్తానంటున్నాడు, ఏం చెప్పాలి?

మీ ప్రశ్న చదివాక కాసేపు ఏమీ తోచలేదు. తమ్ముడు చెన్నైలో పిల్లల డాక్టరు కోర్సు మొదటి సంవత్సరంలో ఉన్నాడనీ, నైట్ డ్యూటీ అయ్యాక ఫోన్ చేసి ఏడుస్తున్నాడనీ, సీటు వదిలేస్తానంటున్నాడనీ రాశారు. నేను నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలోనే పీడియాట్రిక్స్ ఎం.డి. చేశాను. మొదటి ఏడాది నవంబరులో మా అమ్మతో నేనూ ఇదే మాట అన్నాను.

ముందుగా ఒకటి. దయచేసి "ఓర్చుకో, మూడేళ్ళే కదా" అనకండి. మా ఇంట్లో అందరూ ప్రేమతోనే అలా అన్నారు. ఆ తర్వాత నేను ఇంటికి ఫోన్ చేయడమే తగ్గించేశాను.

ఆ నవంబరులో ఏం జరిగిందో చెప్తాను. చెన్నైలో అది వానల కాలం. వార్డు నిండా డెంగీ పిల్లలే, ఒక్కో మంచానికి ఇద్దరు. డెంగీలో జ్వరం తగ్గే సమయమే ప్రమాదం. రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోయి బీపీ పడిపోతుంది. అమ్మానాన్నలేమో జ్వరం పోయింది కదా, ఇంటికి పంపండి అంటారు. అలా జ్వరం వచ్చిన ఐదో రోజున ఒక ఆరేళ్ళ పాపకి అర్ధరాత్రి దాటాక చేతులూ కాళ్ళూ చల్లబడ్డాయి. నాకు నరం దొరకలేదు. మూడు చోట్ల గుచ్చాను. "ఊసి వేణాం అక్కా" (సూది వద్దక్కా) అని తమిళంలో అంటూనే ఉంది పాప. సీనియర్ పరుగెత్తుకొచ్చి మెడ దగ్గర లైన్ పెట్టారు. తెల్లారేసరికి పాప లేదు.

ఎనిమిదింటికి రౌండ్స్ మొదలయ్యాయి. పక్క మంచం కేసు చెప్పమన్నారు, చెప్పాను. పాప గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆ మధ్యాహ్నం మూడింటి దాకా డ్యూటీలోనే ఉన్నాను. తర్వాత చాలా రోజులు నరంలోకి గుచ్చే కాన్యులా చేతిలోకి తీసుకుంటే వేళ్ళు వణికేవి.

నన్ను నిలబెట్టింది మా యూనిట్‌లోని ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ మేడం. రెండు వారాల తర్వాత ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ముగ్గురినీ సెమినార్ గదిలో కూర్చోబెట్టి, పాప కేస్ షీటు తెరిచారు. ఎన్నింటికి పల్స్ ఎంత, యూరిన్ ఎంత, ఏ ఫ్లూయిడ్ ఎంత వేగంతో ఇచ్చారు, అలా ఒక్కో గీతా చదివించారు. ఎవరి తప్పు అని ఒక్కసారి కూడా అనలేదు. నేను గుచ్చిన మూడు చోట్ల దగ్గరికి వచ్చేసరికి ఆగారు. "షాక్‌లో, అంటే బీపీ పడిపోయిన స్థితిలో ఉన్న పిల్లకి నరం వెంటనే దొరక్కపోతే వెతుకుతూ కూర్చోకూడదు, మోకాలి కింద ఎముకలోకి సూది పెట్టాలి. నీకు అది నేర్పకుండా నైట్ డ్యూటీకి పంపాం, అది మా తప్పు" అన్నారు. అంతవరకు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆ గురువారమే కోడి కాళ్ళు తెప్పించి మాకు నేర్పారు. సూదిని తిప్పుతూ అదిమితే ఎముక గట్టిగా ఎదురు తిరుగుతుంది. ఇంకా తిప్పితే ఉన్నట్టుండి టక్కున చేతికి తేలికవుతుంది, అంటే లోపలికి దిగినట్టు. అది చేతికి తెలిశాక నా భయం సగం పోయింది. ఇంకో గురువారం బొమ్మ మీద, పుట్టగానే ఏడవని బిడ్డకి మొదటి నిమిషంలోపే బ్యాగ్, మాస్క్‌తో ఊపిరి అందించడం. అందుకే చెప్తున్నాను, ట్రైనింగ్, మనసు బాగోగులు వేర్వేరు కావు. మా కాలేజీలో ఒకసారి ముప్పై గంటల డ్యూటీ దిగినవాళ్ళని కూర్చోబెట్టి స్ట్రెస్ మీద ఉపన్యాసం ఇప్పించారు. ఆ గంట మమ్మల్ని పడుకోనిస్తే ఎక్కువ మేలు జరిగేది. మేడం చేసింది చాలా చిన్న పని. గురువారం క్లాసు జరిగే రెండు గంటలు ఫస్ట్ ఇయర్ వాళ్ళ ఫోన్లు సెకండ్ ఇయర్ వాళ్ళ దగ్గర ఉండాలన్నారు, వార్డు నుంచి పిలుపొస్తే వాళ్ళే వెళ్తారు. క్లాసు టైమ్‌టేబుల్‌లో ఎప్పటినుంచో ఉంది. మమ్మల్ని వెళ్ళనిచ్చింది మాత్రం అప్పటినుంచే.

మీ తమ్ముడి యూనిట్‌లో అలాంటి మనిషి ఒక్కరైనా ఉంటారు. ఆ ఒక్కరు ఎవరో కనుక్కోమనండి. హెచ్.ఓ.డి.నే (విభాగాధిపతే) కానక్కర్లేదు, సెకండ్ ఇయర్ పీజీ అయినా చాలు.

రూల్స్ కూడా తెలిసి ఉండాలి. రెసిడెంట్లకు వారానికి 48 గంటలని కేంద్రం 1992లోనే రాసింది. ఎక్కడా అమలు కావడం నేను చూడలేదు. 2023 పీజీ నిబంధనల్లో వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి కనీసం 20 రోజుల క్యాజువల్ లీవు, 5 రోజుల అకడమిక్ లీవు ఉన్నాయి. 2024లో నేషనల్ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించకూడదని సిఫార్సు చేసింది. ఒంటరిగా వెళ్ళి వాదిస్తే నష్టపోతాడు, బ్యాచ్ అంతా కలిసి రాతపూర్వకంగా అడగాలి. అకడమిక్ లీవు మాత్రం సంకోచించకుండా అడగమనండి. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళు నవజాత శిశువుల రిససిటేషన్ (పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డకి ఊపిరి అందించడం) కోర్సు నడుపుతారు, దాన్ని మొదటి ఏడాదిలోనే చేసేయాలి.

ఇక మీరు చూసుకోవాల్సింది. సెలవు రోజున కూడా నిద్ర పట్టడం లేదంటే, తిండి మానేస్తే, "నేను లేకపోతేనే నయం" లాంటి మాట ఒక్కటి వచ్చినా ఫోన్లో సర్దిచెప్పకండి, ఆ రోజే రైలెక్కండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. కొన్నాళ్ళు సెలవు పెట్టి సైకియాట్రిస్టు దగ్గర చూపించుకోవడంలో తప్పేమీ లేదు. నా బ్యాచ్‌మేట్ ఒకరు అలా వెళ్ళొచ్చి ఇప్పుడు పిల్లల ఐసీయూలో పనిచేస్తున్నారు.

ఫోన్ చేసినప్పుడు తిన్నావా అని అడిగాక, ఈ వారం ఏ పిల్ల ఇంటికెళ్ళిందో అడగండి. చనిపోయిన బిడ్డ గురించి చెప్తే మాట మార్చకుండా చివరిదాకా వినండి. నేనిప్పటికీ చెన్నైలోనే ఉన్నాను, ఈ ఆదివారం డ్యూటీ లేదు. వస్తానంటే తమ్ముడిని పంపండి, ఎముక సూది ఎలా పెట్టాలో చూపిస్తాను.