పాఠకుల ప్రశ్నలకు జవాబులు: లండన్ మేయర్‌ను నిలదీసేదెవరు?

ప్రశ్న: లండన్ మేయర్‌ను ఒక సభలో పాతికమంది దాకా కూర్చుని వరుసగా ప్రశ్నిస్తున్న దృశ్యం టీవీలో చూశాను. వారెవరు? ఆయన తప్పనిసరిగా వచ్చి జవాబు చెప్పాలా, లేక మర్యాద కోసం వస్తారా?

జవాబు: వారు లండన్ అసెంబ్లీ సభ్యులు. మొత్తం 25 మంది. వారిలో 14 మంది నియోజకవర్గాల నుంచి నేరుగా గెలుస్తారు. తక్కిన 11 స్థానాలను నగరం మొత్తంలో పార్టీలకు పడిన ఓట్లను బట్టి పంచుతారు. 1986లో గ్రేటర్ లండన్ కౌన్సిల్‌ను రద్దు చేశాక నగరమంతటికీ ఎన్నికైన పాలకవర్గమంటూ పద్నాలుగేళ్ల పాటు లేదు. 1998లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, 1999లో చట్టం వచ్చింది, 2000 మే నెలలో జరిగిన తొలి ఎన్నికలో కెన్ లివింగ్‌స్టన్ మేయర్ అయ్యారు. ఆయన తర్వాత 2008లో బోరిస్ జాన్సన్, 2016లో సాదిక్ ఖాన్ ఆ పదవిలోకి వచ్చారు.

మన నగరపాలక సంస్థల్లో మేయర్ ప్రధానంగా సభాధ్యక్షులు. రోజువారీ కార్యనిర్వహణ కమిషనర్ చేతిలో ఉంటుంది. లండన్‌లో మేయరే పాలకుడు. ఆయన ప్రజల ఓటుతో నేరుగా ఎన్నికవుతారు. రవాణా సంస్థ, పోలీసు బడ్జెట్, అగ్నిమాపక దళం, నగర ప్రణాళిక ఆయన పరిధిలో ఉంటాయి. అంత అధికారం ఒక్కరి చేతికి ఇచ్చినప్పుడు అడిగేవారు కూడా ఉండాలని చట్టం చేసినవారు తలచారు. అందుకే ఏడాదికి పది సమావేశాలకు మేయర్ హాజరై సభ్యుల ప్రశ్నలకు సమాధానం చెప్పడాన్ని చట్టంలోనే విధిగా రాశారు. సమావేశానికి ముందే తన నిర్ణయాలను వివరించే నివేదిక ఇవ్వాలి. అప్పటికప్పుడు చెప్పలేని సమాధానాన్ని మూడు పనిదినాల్లోపు రాతపూర్వకంగా పంపాలి. వరుసగా ఆరు సమావేశాలకు గైర్హాజరైతే పదవే పోతుంది. కాబట్టి ఆయన రావడం మర్యాద కోసం కాదు.

ప్రశ్న: అసెంబ్లీ మేయర్‌ను దించలేదు, ఆయన నిర్ణయాలను మార్చలేదు అని చదివాను. అలాంటప్పుడు ఈ ప్రశ్నల వల్ల ఒరిగేదేమిటి?

జవాబు: మీరు చదివింది చాలావరకు నిజమే. మేయర్ ప్రతిపాదించిన బడ్జెట్‌ను సవరించాలన్నా, ఆయన ప్రకటించే ప్రధాన వ్యూహపత్రాలను తిరస్కరించాలన్నా మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి. 25 మంది ఉన్న సభలో అందరూ హాజరై ఓటు వేస్తే, అంటే 17 ఓట్లు. 2024 ఎన్నికల్లో మేయర్ పార్టీ అయిన లేబర్‌కు 11 స్థానాలు వచ్చాయి. తక్కిన పార్టీలన్నీ తమ వైరాలు పక్కనపెట్టి ఒక్కటైనా 14కు మించవు. కన్సర్వేటివ్, గ్రీన్, లిబరల్ డెమోక్రాట్, రిఫార్మ్ సభ్యులు ఒకే సవరణకు చేయెత్తడమనే సందర్భాన్ని ఊహించడమే కష్టం, ఆ సంగతి అలా ఉంచండి. చేతిలో ఓటు లేని సభకు మిగిలిన ఆయుధం ప్రశ్న ఒక్కటే. నా ఉద్దేశంలో దాని బలం ఆ రోజు సభలో వినిపించే మాటల వేడిలో కన్నా, ఆ మాటలు తేదీతో సహా రికార్డులో నిలిచిపోవడంలో ఎక్కువగా ఉంది.

క్రాస్‌రైల్ ఉదంతం చూడండి. ఇప్పుడు ఎలిజబెత్ లైన్ అని పిలుస్తున్న ఆ రైలు మార్గం మధ్య లండన్‌లో 2018 డిసెంబరులో మొదలు కావలసింది. ఆ ఏడాది ఆగస్టు 31న, అంటే ప్రారంభానికి నాలుగు నెలలైనా లేని సమయంలో, ఆలస్యమవుతుందని ప్రకటించారు. చివరకు అది 2022 మే 24న తెరుచుకుంది. ఇంత పెద్ద పనిలో ఆలస్యం కావడం కొత్తేమీ కాదు. అసెంబ్లీ సభ్యులు పట్టుకున్నది వేరే విషయం: పని వెనకబడిందని మేయర్‌కు ఏ రోజున తెలిసింది? ఎవరు చెప్పారు? కాగితం మీద చెప్పారా, నోటి మాటగా చెప్పారా? ఈ ప్రశ్నకు ఒక సమాధానం వస్తే దాన్ని ఇంకో పత్రంతో పోల్చి మళ్లీ అడిగారు. నెలల తరబడి అలా తవ్విన తర్వాత, 2019 ఏప్రిల్‌లో అసెంబ్లీ రవాణా కమిటీ ఒక నివేదిక వెలువరించి, మేయర్‌కు చేరిన సమాచారంలో ప్రమాదాల తీవ్రతను తగ్గించి చూపారని ఆక్షేపించింది. ఇందులో ఒక్క ఓటింగ్ కూడా అవసరం కాలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. సభలో నోటితో అడిగేవి కొన్నే, రాతపూర్వకంగా అడిగేవి అంతకు ఎన్నో రెట్లు. ఫలానా రోడ్డు కూడలిలో ఫలానా ఏడాది జరిగిన ప్రమాదాలెన్ని, ఫలానా పోలీసు విభాగంలో ఖాళీలెన్ని అన్నట్టుగా అవి పొడిపొడిగా ఉంటాయి. ఏ టీవీ చానెలూ వాటిని చూపదు. కానీ ఆ జవాబులన్నీ ఎవరైనా వెతికి చదువుకునేలా ప్రచురితమవుతాయి, స్థానిక పత్రికల వార్తలు తరచూ అక్కడే పుడతాయి.

ప్రశ్న: ఆ సభల్లో కేకలు, ఎత్తిపొడుపులు ఎక్కువగా కనిపిస్తాయి. బాధ్యత గల సభ ఇలా ఉండవచ్చా?

జవాబు: ఉండకూడదు, కానీ ఉంటుంది. 2013 సెప్టెంబరులో అగ్నిమాపక సేవల కోతలపై లేబర్ సభ్యుడు ఆండ్రూ డిస్మోర్ నిలదీసినప్పుడు, అప్పటి మేయర్ బోరిస్ జాన్సన్ సభామర్యాదకు తగని ఒక మొరటు మాటతో ఆయనను తోసిపుచ్చారు. ఆ మాట మర్నాటికి పత్రికలన్నింటా వచ్చింది. పది అగ్నిమాపక కేంద్రాలు మాత్రం 2014 జనవరిలో మూతపడ్డాయి. వార్త అయినది తిట్టు, మరుగున పడినది ప్రశ్న. కేకలతో వచ్చే నష్టం అదే. దీనికి సమయం కేటాయింపు పద్ధతి కూడా కొంత కారణం. ఒక్కో పార్టీకి ఇన్ని నిమిషాలని లెక్క ఉంటుంది. మేయర్ జవాబు సాగదీసినకొద్దీ అడిగేవారి నిమిషాలు కరిగిపోతాయి. అందుకే సభ్యులు మధ్యలో అందుకుంటారు, మేయర్ తనను మాట్లాడనివ్వడం లేదంటారు, అధ్యక్షులు ఇద్దరినీ వారిస్తారు.

ప్రశ్న: ఇంటి అద్దెలు, చెత్త సేకరణ వంటి వాటిపై అడిగితే మేయర్ తన పరిధి కాదంటారెందుకు? తప్పించుకోవడమేనా?

జవాబు: ఆ రెండింటిలో తన పరిధి కాదన్న మాట నిజమే. చెత్త సేకరణ 32 బరోల (నగరంలోని స్థానిక పాలనా విభాగాల) కౌన్సిళ్ల పని, పాత నగర భాగంలో సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్ పని. అద్దెలకు పరిమితి విధించే అధికారం మేయర్‌కు లేదు. అయితే పోలీసుల విషయంలో ఈ గీత అంత స్పష్టంగా ఉండదు. ఎవరిని అరెస్టు చేయాలన్నది పోలీసు కమిషనర్ నిర్ణయం, బడ్జెటూ ప్రాధాన్యాలూ మేయర్ నిర్ణయం. నేరాలు తగ్గితే తన ప్రాధాన్యాల ఫలితమనీ, పెరిగితే కేంద్ర ప్రభుత్వ నిధుల కోత వల్లననీ చెప్పే వీలు ఏ పార్టీ మేయర్‌కైనా ఆ గీత వద్దే దొరుకుతుంది.

ప్రశ్న: ఎలా అడిగితే మేయర్ నీళ్లు నమలకుండా జవాబిస్తారు?

జవాబు: అభిప్రాయం అడిగితే ఉపన్యాసం వస్తుంది. తేదీ, మొత్తం, పత్రం అడిగితే జవాబు రాక తప్పదు, లేదా జవాబు రాలేదన్న సంగతి అందరికీ కనబడుతుంది. 2023 ఆగస్టు 29న, కాలుష్యం ఎక్కువ వెలువరించే పాత వాహనాలపై రోజుకు 12.50 పౌండ్ల రుసుమును లండన్‌లోని బరోలన్నింటికీ విస్తరించారు. పేదలపై భారం మోపడం న్యాయమా అని అడిగిన వారికి పిల్లల ఊపిరితిత్తుల గురించి సమాధానం వచ్చింది, అది కాదనలేని సమాధానం కూడా. పాత వాహనం అప్పగిస్తే అప్పట్లో ఇచ్చిన సాయానికి వచ్చిన దరఖాస్తులెన్ని, అందులో తిరస్కరించినవెన్ని, ఏ కారణంతో అని అడిగితే అంకెలతోనే బదులివ్వాలి.

థేమ్స్ నదిపై తలపెట్టిన గార్డెన్ బ్రిడ్జి (చెట్లు, మొక్కలతో కూడిన పాదచారుల వంతెన) విషయంలో ఈ ఓపికే పనికి వచ్చింది. ఒప్పందం ఎవరికి, ఏ పద్ధతిలో దక్కిందన్న చోటు నుంచి సభ్యులు ప్రశ్నలు మొదలుపెట్టారు. 2017లో ఆ పథకాన్ని వదిలేసే నాటికి వంతెనలో ఒక్క స్తంభం కూడా లేవలేదు. ఖర్చు మాత్రం 53 మిలియన్ పౌండ్లు దాటింది, అందులో 43 మిలియన్లు ప్రజల సొమ్ము. ప్రశ్నలు ఆ డబ్బును వెనక్కి తేలేదు. ఎవరి సంతకంతో పోయిందో మాత్రం బయటపెట్టాయి.

ప్రశ్న: మామూలు పౌరులు నేరుగా అడిగే వీలుందా?

జవాబు: ఉంది. ఏడాదికి రెండుసార్లు మేయర్, అసెంబ్లీ సభ్యులు కలిసి ప్రజల ప్రశ్నలకు సమాధానమిచ్చే బహిరంగ సభ జరపాలని కూడా చట్టం చెబుతోంది. తక్కిన రోజుల్లో తమ నియోజకవర్గ సభ్యునికి ప్రశ్న పంపి, ఆయన పేరుతో మేయర్‌ను రాతపూర్వకంగా అడగమని కోరవచ్చు. రెండో దారిలో సభా వేదిక ఉండదు, చప్పట్లు ఉండవు. కానీ జవాబు రికార్డుకు ఎక్కుతుంది గనుక నేనైతే దానినే ఎంచుకోమంటాను.