కోవిడ్‌తో ఆస్పత్రిలో ఉంటే ఒంటి మీద దద్దుర్లు మందు వల్లనా, వైరస్ వల్లనా?

వరంగల్‌లో కోవిడ్‌తో అడ్మిట్ అయిన మీ బాపుకు నాలుగో రోజు వీపంతా దద్దుర్లు లేచాయి, మందు పడలేదా అని అడిగారు. అదీ కావచ్చు, కానీ వైరస్ వల్ల కూడా వస్తాయి. 2020లో ఇటలీలోని లెక్కో ఆస్పత్రిలో, అప్పుడే కొత్త మందు మొదలుపెట్టినవాళ్లను పక్కనపెట్టి 88 మందిని చూస్తే 18 మందికి చర్మం మీద ఏదో ఒకటి కనిపించింది, ఎక్కువగా ఛాతీ, వీపు, పొట్ట మీదే. 14 మందికి ఎర్రటి దద్దు. ఒకరికైతే అమ్మవారు పోసినట్టు పొక్కులు (మన దగ్గరైతే వేపాకు తెచ్చేసేవాళ్లు). దురద తక్కువే, కొద్ది రోజుల్లో తగ్గిపోయాయి.

గాజు గ్లాసుతో నొక్కి చూడండి. నొక్కినా ఊదా మచ్చ పాలిపోకుండా అలాగే ఉన్నా, నోట్లో పుండ్లు లేచినా, మొహం వాచినా డ్యూటీ డాక్టర్‌ని వెంటనే పిలవండి. మందు మీ అంతట మీరు ఆపొద్దు. ఏ ఇంజెక్షన్ ఏ రోజు మొదలైందో కేస్ షీట్‌లో చూడమని అడగండి.