మైక్రోస్కోపు ముందు కూర్చోబోతున్న మా మేనకోడలికి

అమ్మడూ,

నువ్వు ఇమేజింగ్ ల్యాబ్‌లో పీహెచ్‌డీకి చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్. శాంపిల్‌ను గడ్డకట్టించి ఎలక్ట్రాన్లతో చూసే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు గురించి గంటసేపు చెప్పావట. మరి దాని కింద ఏం పెట్టి చూస్తావమ్మా అని అడిగితే మాత్రం "ఇంకా అనుకోలేదు నాన్నా" అన్నావట. అందుకే ఈ ఉత్తరం.

ముందు తేలిక సంగతులు. ఆయిల్ లేకుండా వాడే డ్రై లెన్స్‌కి ఆయిల్ తగలనివ్వకు. తుడవడానికి లెన్స్ పేపరు తప్ప ఇంకేదీ వాడకు. శాంపిల్ మీద కప్పే గాజు కవర్‌స్లిప్ 0.17 మిల్లీమీటర్లది తీసుకో, చాలా ఆబ్జెక్టివ్‌లను (శాంపిల్‌కి దగ్గరుండే లెన్సులను) ఆ మందానికే తయారుచేస్తారు. ఒరిజినల్ ఫైల్ జోలికి పోకు, మార్పులన్నీ కాపీ మీదే చెయ్యి. జేపెగ్‌లో దాచిన ఇమేజ్ కొలతలకు పనికిరాదు. ఇవన్నీ మీ సీనియర్లూ చెప్తారు.

హడావుడిలో వాళ్ళు చెప్పకుండా వదిలేస్తారేమోనని నేను భయపడేవి రెండున్నాయి. మొదటిది లిక్విడ్ నైట్రోజన్. మైనస్ 196 డిగ్రీలు అనగానే అందరికీ చెయ్యి కాలుతుందన్న భయమే. నా భయం వేరు. ఒక్క లీటరు ఆవిరైతే దాదాపు 700 లీటర్ల గ్యాస్ అవుతుంది. రంగుండదు, వాసనుండదు. మూసిన గదిలో ఆక్సిజన్ తగ్గిపోతున్నా ఊపిరాడనట్టు అనిపించదు. మనకు ఉక్కిరిబిక్కిరి పుట్టించేది ఒంట్లో పేరుకునే కార్బన్ డయాక్సైడ్, అదేమో మామూలుగానే బయటికి పోతూ ఉంటుంది. ఏదో తేడాగా ఉందే అనుకునేలోపే మనిషి కూలిపోవచ్చు. అందుకని నైట్రోజన్ డ్యూవార్‌తో (దాన్ని నింపే పాత్రతో) కలిసి లిఫ్ట్ ఎక్కకు. దాన్ని ఒంటరిగా పంపాలి, పైన ఇంకొకరు అందుకోవాలి, మధ్యలో ఎవరూ ఎక్కకుండా బోర్డు పెట్టాలి. ఆక్సిజన్ అలారం మోగితే "ఇది ఊరికే మోగుతుందిలే" అనుకోకుండా బయటికి నడువు. లోపల ఎవరైనా పడిపోయి కనిపించినా పరుగెత్తుకెళ్ళకు, సాయం పిలువు. నీ మనసు నాకు తెలుసు కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. కాపాడబోయినవాళ్ళు కూడా అదే గదిలో పడిపోతారు.

రెండోది ఆస్మియం టెట్రాక్సైడ్, మైక్రోస్కోపులో చూడ్డానికి కణాల్ని బిగించే రసాయనం. కణాల పొరల్ని పట్టేసినట్టే దాని ఆవిరి కంటి పైపొరనీ పట్టేస్తుంది. ఆవిర్లను లాగేసే ఫ్యూమ్ హుడ్ బయట ఆ సీసా మూత తీయొద్దు. ఆ పని ఉన్న రోజు కాంటాక్ట్ లెన్సులు ఇంట్లో పెట్టి కళ్ళజోడుతో వెళ్ళు, దాని మీద గాగుల్స్ పెట్టుకో. నీ అందానికేం ఢోకా లేదు.

ఇక అసలు మాటకొస్తాను. తెర మీద నువ్వు చూసేది, కణానికి మనం చేసేవన్నీ చేశాక మిగిలిన రూపం. నేను చదువుకునే రోజుల్లో బ్యాక్టీరియా బొమ్మ గీస్తే లోపల చుట్టలు తిరిగిన పొర ఒకటి తప్పకుండా గీయాలి. దాని పేరు మెసోసోమ్. వదిలేస్తే మార్కు పోయేది. 1953లో చాప్‌మన్, హిలియర్ అనే ఇద్దరు బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పలుచని కోతల్లో అలాంటివి చూశారు. 1960లో వాటికి ఆ పేరొచ్చింది. ఇక దానికి పనులు అంటగట్టడం మొదలైంది. శ్వాసక్రియ అక్కడే అన్నారు, కణం విడిపోయేటప్పుడు అడ్డుగోడ కట్టేది అదే అన్నారు, డీఎన్ఏని చెరోవైపు పంచేదీ అదే అన్నారు. ఎవరూ అబద్ధమాడలేదమ్మా. ఏ ల్యాబ్‌లో చూసినా కనిపించింది. ఎందుకు కనిపించదు, అందరూ కణాల్ని ముంచింది అవే రసాయనాల్లోనాయె!

గ్లుటరాల్డిహైడ్ గానీ ఆస్మియం గానీ లోపలికి ఇంకి అన్నిటినీ బిగించడానికి సెకన్లు, ఒక్కోసారి నిమిషాలు పడుతుంది. ఈలోపు కణం చస్తూ ఉంటుంది, పొర ముడుచుకుంటుంది. ఇస్త్రీలో పడ్డ మడతను చూసి నేతలోనే ఉన్న డిజైన్ అనుకున్నట్టయింది. 1970లలో రసాయనాలు తగలకుండా గడ్డకట్టించి చూసినవాళ్ళకు అనుమానం మొదలైంది. 1983లో జాక్ డుబోషే అనే శాస్త్రవేత్త బృందం, మంచు స్ఫటికాలు కట్టే వ్యవధి కూడా ఇవ్వకుండా బ్యాక్టీరియాను నీటితో సహా చటుక్కున గడ్డకట్టించి చూస్తే మెసోసోమ్‌లు లేవు. 2017లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయనొకరు. నువ్వు గంటసేపు పొగిడిన మిషన్‌కు శాంపిల్ తయారుచేసే పద్ధతి ఆయన చలవే. ఆ బొమ్మ మాత్రం కొన్ని పాఠ్యపుస్తకాల్లో ఇంకా ఉంది.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసం శాంపిల్‌ను పలుచగా కోయడం నాకు నేర్పిన మేడమ్ గుర్తొస్తున్నారు. వజ్రపు కత్తి వెనక నీటి మీద కోతలు తేలుతుంటే, వెండి రంగులో ఉంటే మందం సరిపోయినట్టు, బంగారు రంగుకు తిరిగితే ఎక్కువైనట్టు. పుల్లకు అంటించిన కనురెప్ప వెంట్రుకతో వాటిని ఊపిరి బిగబట్టి ఒక పక్కకు తోసేదాన్ని. అంత కష్టపడి ఏదో కొత్త ఆకారం చూపిస్తే ఆవిడ అడిగేది ఒకటే: "ఇంకో పద్ధతిలో చేసినా కనిపిస్తుందా?" చిరాకొచ్చేది. ఇప్పుడు ఆ ప్రశ్న నేను నిన్ను అడుగుతున్నాను, నువ్వూ చిరాకుపడు.

క్రయోలో రసాయనాలు లేవు కదా అంటావేమో. అక్కడ మోసం కంప్యూటర్ వైపు నుంచి వస్తుంది. ఏ బొమ్మా లేని వట్టి నాయిస్ (చుక్కల గందరగోళం) ఇమేజ్‌లను ఐన్‌స్టీన్ ఫొటోతో సరిపోల్చుకుంటూ వరసపెట్టి సగటు తీస్తే చివరికి ఐన్‌స్టీన్ ముఖమే తేలుతుంది. 2013లో రిచర్డ్ హెండర్సన్ అనే శాస్త్రవేత్త దీన్నే హెచ్చరికగా రాశాడు. ఆయనా నీ నోబెల్ ముగ్గురిలోవాడే.

ఫ్లోరెసెన్స్ చేస్తే, అంటే ప్రోటీన్లకు వెలిగే రంగు తగిలించి చూస్తే, రంగు వేయని శాంపిల్ ఒకటి, సెకండరీ యాంటీబాడీ (ప్రోటీన్‌ను పట్టుకున్న మొదటి యాంటీబాడీకి అంటుకుని రంగును మోసేది) మాత్రమే వేసింది ఒకటి, ఒక్కో రంగు విడిగా వేసినవి కూడా తప్పకుండా పెట్టుకో. ఆకుపచ్చ కాంతి కొంత ఎరుపు ఛానెల్లోకి కారిపోతుంది, అది చూసి రెండు ప్రోటీన్లూ ఒకేచోట ఉన్నాయని గంతులేస్తారు. 8 బిట్ ఇమేజ్‌లో 255కి, అంటే అది చూపగల గరిష్ఠ వెలుగుకి, తగిలిన చుక్క అసలు ఎంత వెలిగిందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి బాగా మెరిసేలా కాదు, కాస్త డిమ్‌గానే తియ్యి. 1873లో ఎర్న్‌స్ట్ ఆబె చెప్పిన హద్దు, అంటే రెండు చుక్కల్ని విడిగా చూడగల కనీస దూరం, కాంతి మైక్రోస్కోపుకు సుమారు 200 నానోమీటర్లు. దాన్ని దాటినందుకు 2014లో నోబెల్ ఇచ్చారు, నిజమే. కానీ 20 నానోమీటర్లు చూస్తున్నానని చెప్పేముందు ఒకటి ఆలోచించు. ప్రోటీన్‌కీ వెలిగే రంగుకీ మధ్య రెండు యాంటీబాడీలు నిలబడితే, ఆ దూరమే 15, 20 నానోమీటర్లు ఉంటుంది.

వేళకి తిను. రాత్రి స్లాట్ దొరికిందని ఒక్కదానివే ల్యాబ్‌లో ఉండిపోకు. మొదటి ఇమేజ్ రాగానే నాకు పంపు, పక్కనే కంట్రోల్ (పోల్చుకోవడానికి పెట్టిన శాంపిల్) కూడా ఉండాలి. అందమైనది ఒక్కటే ఏరి పంపావంటే ఫోన్ చేసి మిగతావి ఏవని అడుగుతాను. స్కేల్ బార్ కూడా అడుగుతాను.

నీ అత్త