అగాపే గురించి రాసే ముందు

తమ్ముడికి, ప్రభువు నామంలో వందనాలు.

నీ వ్యాసం చదివాను. శైలి బాగుంది, ఆపకుండా చదివిస్తుంది. చిక్కంతా రెండో పేరాలో ఉంది: ‘ప్రేమ’ అనే అర్థమున్న గ్రీకు మాట అగాపే అంటే దేవునికే సాధ్యమైన, షరతుల్లేని ప్రేమ అని తేల్చేశావు. ప్రసంగాల్లో ఈ మాట ఎంత నలిగిందంటే, ఇక ఎవరూ బైబిలు తీసి సరిచూడరు. నువ్వు సరిచూడు.

2 సమూయేలు 13 తియ్యి. అమ్నోను తామారును చెరిచిన అధ్యాయం అది. దాని గ్రీకు అనువాదంలో, అంటే సెప్టువజింటులో, మొదటి వచనంలోనే అమ్నోను మోహానికి వాడిన క్రియ అగపావో, అంటే అగాపేకు జతగా ఉన్న ‘ప్రేమించు’ అనే క్రియ. 15వ వచనంలో అగాపే అనే నామవాచకమే ఉంది. యోహాను 3:16లో దేవుడు లోకాన్ని ప్రేమించాడన్న క్రియే మూడు వచనాల తర్వాత, 3:19లో, మనుషులు చీకటిని ప్రేమించారనడానికీ వచ్చింది. 2 తిమోతి 4:10లో దేమా ‘యిహలోకమును స్నేహించి’ వెళ్లిపోయాడే, అక్కడా అదే క్రియ. తెలుగు ఒక్కటే చూస్తే ఇది పట్టుబడదు. అసలు ఆ అర్థమంతా పదంలోనే ఉంటే, పౌలు 1 కొరింథీ 13లో ప్రేమ ఇలాంటిది, అలాంటిది కాదు అని అంత విడమరచాల్సిన పనేముంది?

కాబట్టి పని ఇలా మొదలుపెట్టు. స్ట్రాంగ్స్ నంబర్లు (బైబిలు మూలభాషల్లోని ఒక్కో మాటకు స్ట్రాంగ్స్ పదసూచిక ఇచ్చిన సంఖ్యలు) మూడు: అగపావో 25, అగాపే 26, ప్రేమించడానికే ఉన్న ఇంకో గ్రీకు క్రియ ఫిలేయో 5368. క్రియకూ నామవాచకానికీ వేర్వేరు నంబర్లని మరవకు. ఒక్కటే వెతికితే సగం వచనాలు జారిపోతాయి. ముందు ఫిలేయో పట్టు, కొత్త నిబంధనలో పాతికసార్లే వస్తుంది. ఒక్కో వచనం పక్కన ఎవరు, దేన్ని అని రాసుకో. తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తున్నాడని యోహాను 3:35లో అగపావోతో, 5:20లో ఫిలేయోతో చెప్పాడు. పరిసయ్యులకు అగ్రపీఠాలంటే ఉన్న మోజుకు లూకా 11:43లో అగపావో, మత్తయి 23:6లో ఫిలేయో. యేసును పట్టించిన యూదా ముద్దు కూడా (మార్కు 14:44) ఫిలేయోనే, ఆ క్రియకు ముద్దుపెట్టుకోవడం అనే అర్థమూ ఉంది! నిఘంటువు ఇచ్చిన అర్థాల్లో మనకు నచ్చినది ఏరుకోవడం కాదు, ఆ వాక్యం ఏ అర్థాన్ని నిలబెడుతోందో చూడాలి.

‘నాలుగు గ్రీకు ప్రేమలు’ పట్టిక తీసెయ్యి. ఎరోస్ (కామప్రేమ) కొత్త నిబంధనలో లేనే లేదు. స్టోర్గే (కుటుంబప్రేమ) కూడా విడిగా రాదు, సమాసాల్లోనే కనిపిస్తుంది. ఫిలియా (స్నేహం) ఒక్కసారి వచ్చింది, అదీ యాకోబు 4:4లో లోకంతో స్నేహం గురించి.

ఇక యోహాను 21:15–17, ‘నన్ను ప్రేమిస్తున్నావా’ అని యేసు పేతురును మూడుసార్లు అడిగిన చోటు. యేసు రెండుసార్లు అగపావోతో, మూడోసారి ఫిలేయోతో అడిగాడు, పేతురు మూడుసార్లూ ఫిలేయోతోనే జవాబిచ్చాడు, నిజమే. దాన్నిబట్టి ‘పేతురు తక్కువ ప్రేమే ఒప్పుకున్నాడు’ అని రాశావు. కానీ ఆ మూడు వచనాల్లోనే మేపడానికి రెండు క్రియలు, మందకు రెండు పేర్లు, ‘ఎరుగుదువు’కు రెండు క్రియలు ఉన్నాయి. వాటికి తేడా చెప్పకుండా ప్రేమకే చెబితే ఎలా? అలా చదివేవాళ్లు పండితుల్లో ఉన్నారు, కాదనను. అయినా దాని మీద వ్యాసం మొత్తం నిలబెట్టకు.

ఆ ఘట్టంలో గ్రీకు నిజంగా అక్కరకొచ్చే చోటు వేరే ఉంది. 21:9లోని ‘నిప్పులు’కు మూలం అంథ్రకియా, బొగ్గుల నిప్పు. కొత్త నిబంధనలో ఈ మాట ఇంకొక్కచోటే, 18:18లో, యేసును ఎరుగనని పేతురు బొంకిన రాత్రి చలి కాచుకున్న మంటకు వచ్చింది. మన తెలుగులో ఒకచోట ‘మంట’, ఇంకోచోట ‘నిప్పులు’ అని ఉండడంతో ఆ ముడి కనబడదు. రెండో పేరా కొట్టేసి, ఇక్కడినుంచి మళ్లీ రాసి పంపు.