ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ లిపిడ్‌లోకి ఎక్కకపోతే ముందు బఫర్ మార్చు

తమ్ముడూ, ఎస్వీ యూనివర్సిటీలో కాలేయ క్యాన్సర్ కణాల ప్రాజెక్టులో, పీబీఎస్‌లో (పీహెచ్ 7.4 ఉండే ఉప్పు బఫర్) కలిపితే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ (జన్యువుని అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏ) లిపిడ్ రేణువుల బయటే మిగిలిపోతోందన్నావు కదా. నువ్వు వాడే ఎంసీ3 మంచి లిపిడే, 2018లో అనుమతి వచ్చిన పాటిసిరాన్ అనే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ మందులో ఉన్నదీ అదే. కానీ దాని పీకేఏ (సగం అణువులకి ధనావేశం ఉండే పీహెచ్) సుమారు 6.4. పీహెచ్ 7.4లో ధనావేశం చాలా తక్కువ, ఆర్‌ఎన్‌ఏని పట్టుకోలేదు.

ఆర్‌ఎన్‌ఏని పీహెచ్ 4 సిట్రేట్ బఫర్‌లో తీసుకో. అది 3 వంతులు, ఇథనాల్‌లో కరిగించిన లిపిడ్లు 1 వంతు, గబగబా కలుపు. చుక్క చుక్క వేస్తే రేణువులు పెద్దవైపోతాయి. లేత నీలి ఛాయ రావాలి. పాలలా తెల్లబడితే పారబోసెయ్.

తర్వాత పీబీఎస్‌లోకి డయాలిసిస్ (పొర గుండా ఇథనాల్ వదిలించి బఫర్ మార్చడం) మాత్రం మానొద్దు. ఇథనాల్ మిగిలితే కణాలు దానికే చచ్చిపోతాయి, జన్యువు అణిగిందని పొరబడతావు. తిరుపతి ఎండలకి లిపిడ్ సీసా మూత తీసిపెట్టినా కష్టమే, ఇథనాల్ ఆవిరై గాఢత మారిపోతుంది. ట్రైటాన్ (రేణువుల్ని విప్పే డిటర్జెంట్) వేసీ వేయకుండా రైబోగ్రీన్ (ఆర్‌ఎన్‌ఏకి అంటుకుని వెలిగే రంగు) రీడింగులు తీసి పెట్టు, ఎంత ఆర్‌ఎన్‌ఏ లోపలికి ఎక్కిందో చూస్తాను.